ఊటీ, కొడైకెనాల్ కొత్త నిబంధనలు: ఈ-పాస్, నీళ్ళ సీసాలు, పార్కింగు. అసలు నిర్ణయిస్తున్నది ఎవరు?

అనంత_పయనం
ఈ 2025 మే నెలలో 14 మందిమి అనంతపురం నుంచి ఊటీ, వీలైతే కొడైకెనాల్ కూడా వెళ్ళాలనుకుంటున్నాం. 17 సీట్ల టెంపో ట్రావెలర్ మాట్లాడుకున్నాం. ఈ ఊటీ మున్సిపాలిటీ వాళ్ళు ఏటా ఒక కొత్త రూలు తెస్తున్నారు. పోయినేడు ఈ-పాస్ (బండికి ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాల్సిన అనుమతి) అన్నారు. ఈ ఏప్రిల్ 1 నుంచి బండ్ల సంఖ్యకే హద్దు పెట్టారు. నీళ్ళ సీసా కనిపిస్తే లాక్కుంటున్నారు. లాడ్జీలో గది ఉంటే పార్కింగ్ ఉండదు. డబ్బు ఖర్చుపెట్టుకుని వచ్చేవాళ్ళ మీద ఇంత కోపమెందుకు? పాస్ ఎలా తీసుకోవాలి, ఏ దారిన వెళ్ళాలి, చిన్నపిల్లలకు నీళ్ళు ఎలా? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

ఘాట్‌రోడ్_గురు
ముందు ఒక మాట సరిచేయాలి. పాస్ పెట్టింది మున్సిపాలిటీ కాదు, మద్రాసు హైకోర్టు. 2024 మే 7 నుంచి ఊటీ ఉన్న నీలగిరి జిల్లాకి, కొడైకెనాల్‌కి ఈ-పాస్ అమల్లోకి వచ్చింది. 2025 మార్చిలో అదే కోర్టు రోజుకి ఎన్ని బండ్లు ఎక్కొచ్చో కూడా తేల్చింది. ఏప్రిల్ 1 నుంచి జూన్ చివరిదాకా నీలగిరికి మామూలు రోజుల్లో 6,000 బండ్లు, శని, ఆదివారాల్లో 8,000. కొడైకి 4,000, వారాంతంలో 6,000. ఇది ఒక్క ఊటీ ఊరికి కాదు. కూనూరు, కోటగిరి, గూడలూరు అన్నీ కలిపి జిల్లా మొత్తానికి.

చెక్‌పోస్ట్_చంద్రం
గురు గారు చెప్పిన సంఖ్యల్లోకి రానివి కూడా ఉన్నాయి. ప్రభుత్వ బస్సులు, రైలు, స్థానికుల బండ్లు, పంట సరుకు మోసే బండ్లు, అంబులెన్సుల్లాంటి అత్యవసర వాహనాలు వీటికి హద్దు లేదు. నీలగిరి రిజిస్ట్రేషన్ టీఎన్ 43. ఆ నంబరున్న బండి ఆగదు.

పాస్ తీసే పద్ధతి:

సైటు ఈపాస్.టీఎన్ఈజీఏ.ఆర్గ్. మొబైల్ నంబరు ఇస్తే ఓటీపీ వస్తుంది. తర్వాత బండి నంబరు, రకం, పెట్రోలా డీజిలా, ఎంతమంది, ఏ రోజు వస్తారు, ఏ రోజు దిగుతారు, బస ఎక్కడ, ఇవన్నీ నింపాలి. పాస్ క్యూఆర్ కోడ్‌తో వస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు. ఎవరైనా "పాస్ చార్జి" అని అడిగితే ఇవ్వొద్దు.

తేడా వచ్చేది ఒక్కచోటే. పాస్ మనిషికి కాదు, బండి నంబరుకి. ట్రావెల్స్ వాడు ఆఖరి రాత్రి "ఆ బండి రిపేరు, ఇంకొకటి పంపిస్తున్నా" అంటాడు. పాత పాస్ ఇక పనికిరాదు. కొత్త నంబరుతో మళ్ళీ తీయాలి. శని, ఆదివారాలకి అప్పటికే కోటా అయిపోయి ఉంటే దొరకదు. అందుకే బండి ఒప్పందంలో నంబరు రాయించుకోండి, మార్చే పనైతే కనీసం రెండు రోజుల ముందే చెప్పాలని షరతు పెట్టండి. కొడైకి వేరే పాస్. ఊటీ పాస్ అక్కడ చెల్లదు.

స్టెప్నీ
ఘాట్ మొదట్లో సిగ్నల్ చాలాచోట్ల ఉండదు. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఒక కాగితం మీద కూడా ప్రింటు తీసి డ్రైవరు అద్దం పక్కన పెట్టండి. ఫోనుకి ఓటీపీ వచ్చినవాడు ఇంకో కారులో వెనక వస్తుంటే చెక్‌పోస్టు దగ్గర అందరూ ఆగిపోతారు.

బ్యాక్‌ప్యాక్_భారతి
కోర్టు చెప్పింది సరే. ఊళ్ళో ఎన్నుకున్న కౌన్సిల్ ఉంది కదా, వాళ్ళ మాట ఏమైంది? ఊటీకి 36 వార్డులు, కొడైకి 24. కౌన్సిలర్లు వ్యాపారుల బాధ వినాలి. ఏప్రిల్ 2న నీలగిరిలో బంద్ చేశారు, దుకాణాలూ హోటళ్ళూ మూసేశారు. వాళ్ళకి అన్నం పెట్టేది పర్యాటకులే. సంఖ్య కట్టేసిన రోజు నుంచి టీ కొట్టువాడు, గుర్రం తోలేవాడు, చాక్లెట్ల దుకాణం అందరికీ దెబ్బే.

వార్డు_మెంబరు
భారతి గారూ, కౌన్సిల్ చేతిలో ఉన్నదేమిటో, లేనిదేమిటో విడదీసి చూడాలి. లేకపోతే తిట్టాల్సిన గుమ్మం ఒకటి, తిట్టే గుమ్మం ఇంకొకటి అవుతుంది.

కౌన్సిల్ చేతిలో ఉన్నవి: నీటి సరఫరా, చెత్త, ఊరి లోపలి రోడ్లు, మున్సిపల్ పార్కింగ్ స్థలాల వేలం, మార్కెట్ దుకాణాల అద్దె, వ్యాపార లైసెన్సులు, తోపుడుబండ్ల చోటు. చేతిలో లేనివి: జాతీయ రహదారి, చెక్‌పోస్టులు, అడవి దారి, ట్రాఫిక్ పోలీసు, పాస్. ఇవి కలెక్టరు, ఎస్పీ, అటవీ శాఖ, హైవే వాళ్ళ పనులు.

కౌన్సిల్‌లో పని జరిగే తీరు ఇది. కమిషనరు కార్యాలయం ఎజెండా తయారుచేస్తుంది, ప్రతి విషయానికీ ఒక నంబరు ఉంటుంది. సమావేశంలో చర్చించి తీర్మానం చేస్తారు. అమలు చేసేది మళ్ళీ కమిషనరే. తీర్మానం పై చట్టానికి గానీ కోర్టు ఉత్తర్వుకి గానీ ఎదురు వెళ్తే నిలవదు. "పాస్ తీసేయండి" అని 36 మంది చేతులెత్తినా అది విన్నపమే.

తోపుడుబండ్ల విషయం మాత్రం వేరు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీ పెట్టాలి. అందులో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడోవంతు మహిళలు. సర్వే చేయకుండా బండ్లు లేపేయకూడదు. ఊటీలోగానీ కొడైలోగానీ ఒక బండి తీసేశారంటే మొదట అడగాల్సింది "కమిటీ కూర్చుందా? సర్వే జాబితాలో పేరుందా?" అని. ఇది పూర్తిగా ఊరి చేతిలోని పని. దీని మీద గొంతెత్తితే ఫలితం వస్తుంది.

కాఫీతోట
బంద్ చేసినవాళ్ళ బాధ నిజమే. మే నెలలో ఒక ఆదివారం కూనూరు నుంచి ఊటీకి అంబులెన్సు ఎక్కడం చూసినవాళ్ళు మాత్రం కోర్టుని తప్పుపట్టరు. ఒకటే దారి, ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. పక్కకి జరగడానికి చోటేదీ?

పలమనేరు_బస్సు
నా అభ్యంతరం వేరే. బండ్లు లెక్కపెడుతున్నారు, మనుషుల్ని కాదు. ఇద్దరున్న కారూ ఒకటే, 17 మందున్న ట్రావెలరూ ఒకటే. అనంత గారి 14 మంది మూడు కార్లలో వస్తే మూడు పాసులు, ట్రావెలర్‌లో వస్తే ఒకటి. ఘాట్‌లో మూడు కార్లు తీసుకునే చోటూ, ఒక ట్రావెలర్ తీసుకునే చోటూ ఒకటేనా? పెద్ద బండికి ముందు అవకాశం ఇస్తే అంతే మంది తక్కువ బండ్లలో వస్తారు. కోర్టు కూడా ఎలక్ట్రిక్ మినీ బస్సుల మాట ఎత్తింది. అది ముందుకి నడవాలి.

ప్లాను_గీత
పలమనేరు అన్న మాటకి ఒక లెక్క జోడిస్తాను. ఊళ్ళ ప్రణాళికలో పార్కింగ్‌కి ఒక కొలత ఉంది. ఆరుబయట ఒక కారు నిలపడానికి, తిప్పుకునే దారితో కలిపి 23 చదరపు మీటర్లు. 8,000 కార్లంటే 1,84,000 చదరపు మీటర్లు. అంటే 18.4 హెక్టార్లు, ఎకరాల్లో 45 పైచిలుకు. 2024లో ప్రభుత్వం వెనక్కి తీసుకున్న ఊటీ రేసు కోర్సు స్థలం సుమారు 52 ఎకరాలు. ఆ స్థలమంతా పార్కింగ్ చేసినా, హద్దు మేరకు బండ్లు వచ్చిన ఆదివారం దాదాపు నిండిపోతుంది. ఊరి నడిబొడ్డున పచ్చగా మిగిలిన పెద్ద చోట్లలో అదొకటి.

అందుకే "పార్కింగ్ కట్టండి, పాస్ తీసేయండి" అన్న డిమాండు కొండ మీద నిలవదు. చదునైన చోటు కావాలంటే కొండ తొలవాలి, తొలిస్తే వానాకాలంలో జారుతుంది.

ఘాట్‌రోడ్_గురు
గీత గారూ, లెక్క బాగుంది, కానీ 8,000 బండ్లూ ఒకే గంటలో ఊటీ ఊళ్ళో ఉండవు. కొన్ని కూనూరులో ఆగుతాయి, కొన్ని పైకారా పోతాయి, కొన్ని హోటల్ ఆవరణలో ఉంటాయి.

ప్లాను_గీత
నిజమే. సగమే ఊళ్ళో ఉన్నాయనుకోండి, అప్పటికీ 22 ఎకరాలు దాటుతుంది. పైగా నిన్న వచ్చి ఇంకా దిగని బండ్లు ఉంటాయి. రోజుకి 8,000 అనేది ఎక్కే బండ్ల హద్దు. రెండు రాత్రులు ఉండేవాళ్ళు ఎక్కువైతే కొండ మీద నిలబడ్డ బండ్లు ఆ హద్దుకి రెట్టింపు కావచ్చు. పాస్‌లో దిగే తేదీ అడిగేది అందుకే. ఆ తేదీని లెక్కలోకి తీసుకుంటేనే హద్దుకి అర్థం ఉంటుంది.

మంచినీళ్ళు
పార్కింగ్ కంటే ముందు నీళ్ళు అయిపోతాయి. కొడై జనాభా 2011 లెక్కల్లో 36,501. వారాంతం 6,000 బండ్లు, బండికి నలుగురు అంటే 24,000 మంది. అందులో సగం మంది రాత్రి ఉంటే 12,000 పడకలు. హోటల్ పడకకి రోజుకి 180 లీటర్లు అన్నది డిజైన్ లెక్క. 21.6 లక్షల లీటర్లు. ఇదంతా ఊరివాళ్ళ కుళాయి నీళ్ళు కాక అదనం. వేసవిలోనే చెరువులు అడుగంటుతాయి, వేసవిలోనే సీజను. అందుకే సీజనులో లాడ్జీల ముందు ట్యాంకర్లు బారులు తీరతాయి.

చెత్త కూడా అంతే. మనిషికి అర కిలో వేసుకున్నా 24,000 మందికి రోజుకి 12 టన్నులు. ఆ 12 టన్నులు ఊరి బయటికి మోయాల్సిన లారీ, డీజిలు, కూలీ అన్నీ మున్సిపాలిటీవే.

అనంత_పయనం
ఇది వేరే కోణంలో ఆలోచించలేదు, బాగుంది. నా అసలు ప్రశ్న మాత్రం మిగిలే ఉంది. పిల్లలకి నీళ్ళు?

చెక్‌పోస్ట్_చంద్రం
నీలగిరిలో, కొడైలో 5 లీటర్ల లోపు ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు నిషేధం. కూల్‌డ్రింకు సీసాలు కూడా. కొడైలో దొరికితే సీసాకి 20 రూపాయలు గ్రీన్ ట్యాక్స్ వేస్తారు. అమ్మేవాడి మీద జరిమానా వేరు.

చేయాల్సింది: 20 లీటర్ల క్యాన్ ఒకటి వెనక సీటు కింద కట్టేయండి, అది నిషేధంలోకి రాదు. దానికి చేత్తో నొక్కే పంపు పెట్టుకుంటే బండి వంపుల్లో నీళ్ళు ఒలకవు. మనిషికో స్టీలు సీసా. 14 మందికి కొండ మీద చల్లటి వాతావరణంలో రోజుకి 25 నుంచి 30 లీటర్లు తాగడానికి సరిపోతాయి. అంటే ఒకటి కాకుండా రెండు క్యాన్లు పెట్టుకుంటే రోజున్నరకి సరిపోతాయి. ఖాళీ క్యాన్ లాడ్జీలోనే నింపుకోవచ్చు.

స్టెప్నీ
డ్రైవరు తలుపు జేబులో ఉన్న అర లీటరు సీసా మర్చిపోవద్దు. తనిఖీలో మొదట దొరికేది అదే.

బ్యాక్‌ప్యాక్_భారతి
నిషేధం పెట్టినవాళ్ళు ప్రత్యామ్నాయం ఇవ్వాలి కదా. రోడ్డు పక్కన నీళ్ళ ఏటీఎంలు పెట్టారు. ఒకటి పనిచేస్తే ఇంకొకటి పనిచేయదు. నాణెం మింగుతుంది, నీళ్ళు రావు. అప్పుడు జనం ఏం చేయాలి?

మంచినీళ్ళు
భారతి గారు అన్నది సరైన ఫిర్యాదు, అది సరిగ్గా కౌన్సిల్ చేతిలోని పని కూడా. ఏటీఎం ఎందుకు పాడవుతుందో చెప్తాను.

లోపల వరస ఇలా ఉంటుంది: ముడి నీటి ట్యాంకు, ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు, 5 మైక్రాన్ల కార్ట్రిడ్జ్, ఆపైన ఆర్‌ఓ మెంబ్రేన్, చివర యూవీ దీపం. నీలగిరి నీళ్ళు కొండ వాగుల నీళ్ళు, లవణాలు చాలా తక్కువ. అనంతపురం, నల్గొండ బోరు నీళ్ళలా కాదు. ఆర్‌ఓ ఉన్నది లవణం తీయడానికి. ఇక్కడ తీయడానికి లవణమే లేదు. పైగా ఆర్‌ఓ సగం దాకా నీళ్ళు వృథాగా బయటికి వదిలేస్తుంది, నీటి కొరత ఉన్న ఊళ్ళో.

ఇక్కడి నీటి సమస్య లవణం కాదు, వాన పడ్డప్పుడు వచ్చే బురద. జూన్ తర్వాత నీళ్ళు ఎర్రగా వస్తాయి, 5 మైక్రాన్ల కార్ట్రిడ్జ్ పూడుకుపోతుంది, పంపు ఒత్తిడి పడిపోతుంది, తక్కువ ఒత్తిడి చూసి యంత్రం తనంతట తనే ఆగిపోతుంది. చూసేవాళ్ళకి "పాడైంది". అసలు కావాల్సింది ఒక కార్ట్రిడ్జ్ మార్చడం. టెండరులో "యంత్రం సరఫరా" అని మాత్రమే రాసి, కార్ట్రిడ్జ్ ఎన్ని రోజులకి ఎవరు మార్చాలో రాయకపోతే నెలలోనే మూత పడుతుంది. నాణేల పెట్టె మంచు తేమకి బిగుసుకుంటుంది. యూపీఐ ఒకటే పెడితే సిగ్నల్ లేనిచోట పనికిరాదు. రెండూ ఉండాలి.

కొండ మీదికి సరిపోయేది: ఇసుక ఫిల్టరు, అల్ట్రా ఫిల్ట్రేషన్ (అతి సన్నని రంధ్రాల వడపోత), తర్వాత యూవీ లేదా కొద్దిపాటి క్లోరిన్. ఖర్చు తక్కువ, వృథా తక్కువ, కార్ట్రిడ్జ్ బాధ తక్కువ.

కాఫీతోట
దీన్ని ఎవరైనా తమిళంలోకి మార్చి రెండు కౌన్సిళ్ళకీ పంపాలి. నిజంగా.

వార్డు_మెంబరు
పంపేటప్పుడు "నిర్వహణ ఒప్పందం కాపీ ఇవ్వండి" అని సమాచార హక్కు కింద కూడా అడగాలి. దరఖాస్తు రుసుము 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు రావాలి. ఏ ఏటీఎం ఎన్ని రోజులు ఆగిందో రాసే లాగ్‌బుక్కు అడిగితే అసలు సంగతి బయటపడుతుంది.

తిరుపతి_కొండ
తిరుమలలో కూడా ప్లాస్టిక్ సీసాలు ఆపేశారు. గాజు సీసాలు వచ్చాయి, ఖాళీది వెనక్కిస్తే డిపాజిట్ తిరిగిస్తారు. నీలగిరిలో మద్యం సీసాలకి 2022 నుంచి ఇదే పద్ధతి ఉంది, సీసాకి 10 రూపాయలు అదనంగా తీసుకుని ఖాళీది ఇస్తే తిరిగిస్తారు. అడవిలో ఏనుగుల కాళ్ళకి గాజు పెంకులు గుచ్చుకుంటున్నాయనే కోర్టు ఆ పని చేయించింది. నీళ్ళకీ ఇదే పెట్టొచ్చు.

పలమనేరు_బస్సు
తిరుమలకి ఒక యాజమాన్యం, రెండు ఘాట్లు, ఒకటి ఎక్కడానికి, ఒకటి దిగడానికి. నీలగిరికి అన్ని వైపులా దారులు. కర్ణాటక వైపు కక్కనల్ల, కేరళ వైపు నాడుకాణి, పాట్టవయల్, తాళూరు, చోలాడి, మైదానం వైపు కల్లార్, కుంజపనై. పద్ధతి తీసుకోవచ్చు, అంత సులువుగా నడుస్తుందని అనుకోలేం.

ఘాట్‌రోడ్_గురు
దారి సంగతికి వస్తాను. అనంతపురం నుంచి బెంగళూరు, మైసూరు, గుండ్లుపేట, బందీపూర్, గూడలూరు, ఊటీ. గుర్తుపెట్టుకోవాల్సినవి మూడు.

బందీపూర్ అడవి దారి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూత. 2009 నుంచి ఉన్న నిషేధం ఇది, పాస్ చూపించినా వదలరు. మేలుకామనహళ్ళి గేటు దగ్గరికి రాత్రి 8 లోపు చేరే ఆలోచనైతేనే ఆ సాయంత్రం ఎక్కండి. లేకపోతే గుండ్లుపేటలోనో మైసూరులోనో పడుకుని పొద్దున 6కి గేటు తీయగానే పోవడం మంచిది. తెప్పక్కాడు దాకా ఎక్కడా ఆగొద్దు, బండి దిగితే అటవీ శాఖ జరిమానా.

తెప్పక్కాడు దగ్గర దారి చీలుతుంది. ఎడమకి మసినగుడి, కల్హట్టి మీదుగా దగ్గరి దారి, 36 వంపులు. కుడికి గూడలూరు, నడువట్టం, పైకారా, కొంచెం దూరం. గూగుల్ మ్యాప్ ఎడమ వైపు చూపిస్తుంది. ట్రావెలర్‌తో ఆ వైపు వద్దేవద్దు. బయటి బండ్లని కల్హట్టిలో కిందికి దిగనివ్వరు కూడా. బ్రేకులు కాలి లోయలో పడ్డ ప్రమాదాల తర్వాతే ఆ ఆంక్ష వచ్చింది.

మూడోది, సీజనులో ఒకవైపు రాకపోకలు. మేట్టుపాళయం వైపు నుంచైతే కూనూరు మీదుగా ఎక్కించి, కోటగిరి మీదుగా దించుతారు. మీరు కొడైకి వెళ్ళాలంటే ఊటీ నుంచి ఇటే దిగాలి కాబట్టి కోటగిరి దారే లెక్కేసుకోండి.

స్టెప్నీ
దిగడం గురించి. ఏ గేరులో ఎక్కామో అదే గేరులో దిగాలి, ట్రావెలర్‌కి చాలాచోట్ల రెండో గేరే. న్యూట్రల్ చేస్తే డీజిలు మిగులుతుందనుకునే డ్రైవరు ఉంటే ముందే చెప్పేయండి. బ్రేకు మీద కాలు పెట్టి అలాగే ఉంచకూడదు. నొక్కాలి, వదలాలి, గాలి తగలనివ్వాలి. కాలిన వాసన వచ్చిందంటే బ్రేకు డ్రమ్ము మరీ వేడెక్కినట్టే. వెడల్పు చోట ఆపి, చక్రానికి రాయి పెట్టి, అరగంట చల్లారనివ్వాలి. హ్యాండ్ బ్రేకు లాగొద్దు, వేడి మీద డ్రమ్ముకి పట్టేసుకుంటుంది. నీళ్ళు అస్సలు పోయొద్దు, డ్రమ్ము చీలుతుంది.

బయలుదేరే ముందు బ్రేకు ఆయిల్ మార్పించండి. పాతది తేమ పట్టి ఉంటే వేడికి బుడగలు వస్తాయి, పెడల్ నేల దాకా పోతుంది.

అనంత_పయనం
గురు గారూ, స్టెప్నీ అన్నా, ఇవి చాలు. ఊటీ నుంచి కొడైకి ఒకేరోజు పోగలమా?

ఘాట్‌రోడ్_గురు
పొద్దున 7కి దిగితే సాయంత్రానికి చేరొచ్చు, కానీ ఒకేరోజు రెండు ఘాట్లు, ఒకే డ్రైవరు. వద్దు. మధ్యలో పళని దర్శనం చేసుకుని రాత్రి అక్కడే ఉండి, మర్నాడు పళని వైపు ఘాట్ ఎక్కండి. కొడై పాస్‌లో తేదీ ఆ మర్నాటిది వేయాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు, ఊటీ నుంచి బయలుదేరే రోజు తేదీ వేస్తారు.

చెక్‌పోస్ట్_చంద్రం
కొడైకి పెద్ద బస్సు ఆలోచన ఉన్నవాళ్ళకి: 12 మీటర్ల పొడవు దాటిన బస్సులకి 2024 నవంబరు నుంచి నిషేధం. ట్రావెలర్‌కి ఇబ్బంది లేదు. ఆలిండియా టూరిస్టు పర్మిట్, ప్రయాణికుల జాబితా, బీమా, పొల్యూషన్ కాగితం ఒక ఫైలులో ఉంచండి.

బ్యాక్‌ప్యాక్_భారతి
పార్కింగ్ రుసుము పేరుతో దోచుకోవడం గురించి కూడా ఎవరైనా చెప్పండి.

వార్డు_మెంబరు
అక్కా, అది వేలం పాట వ్యవహారం. మున్సిపాలిటీ ఏడాదికి పార్కింగ్ స్థలం వేలం వేస్తుంది, రేటు తీర్మానంలో ఉంటుంది, పాడుకున్నవాడు ఆ రేటే వసూలు చేయాలి. సీజనులో రెట్టింపు అడగడం తీర్మానంలో ఉండదు. రసీదు మీద మున్సిపాలిటీ పేరు, వరస నంబరు, రేటు, ఎన్ని గంటలకి అన్నవి అచ్చువేసి ఉండాలి. పెన్నుతో రాసిన అంకె ఉంటే ఒప్పుకోవద్దు. రసీదు ఫోటో తీసి కమిషనరు కార్యాలయానికి పంపితే కాంట్రాక్టరు మీద జరిమానా వేసే షరతు సాధారణంగా ఒప్పందంలోనే ఉంటుంది. ఫోటో లేకుండా వెళ్ళే ఫిర్యాదు నిలవదు.

ప్లాను_గీత
బస గురించి ఒక హెచ్చరిక. "వ్యాలీ వ్యూ విల్లా" పేరుతో ఆన్‌లైన్‌లో కనిపించేవన్నీ లాడ్జీలు కావు. ఇల్లుగా అనుమతి తీసుకుని లాడ్జీగా నడిపేవి చాలా. కొండ ఊళ్ళకి 1993 నుంచి వేరే కట్టడ నియమాలున్నాయి, మామూలుగా ఎత్తు 7 మీటర్లు దాటకూడదు. కొడైలో కోర్టు ఉత్తర్వులతో అలాంటి కట్టడాలు వందల్లో సీలు వేశారు. మీరు ముందే డబ్బు కట్టిన గదికి సీలు పడితే తిరిగిరావడం కష్టం.

బుక్ చేసేముందు ఇవి అడగండి: మున్సిపాలిటీ వ్యాపార లైసెన్సు ఈ ఏడాదిదేనా, లాడ్జీ పేరు మీద ఉందా, బండికి ఆవరణలోనే చోటుందా, ట్రావెలర్ గేటులో తిరుగుతుందా. కారు పట్టే గేటులో ట్రావెలర్ పట్టదు. 17 సీట్ల బండి తిరగడానికి కనీసం 13, 14 మీటర్ల వెడల్పు కావాలి. గేటు, ఆవరణ ఫోటో అడగండి, గది ఫోటో కాదు.

కాఫీతోట
గీత గారు చెప్పిన 7 మీటర్ల నియమాన్ని ఇన్నేళ్ళు ఊళ్ళోవాళ్ళే తొక్కిపెట్టారు కాబట్టే ఇవాళ కోర్టు కూర్చుని బండ్లు లెక్కపెడుతోంది. ప్రతి అక్రమ లాడ్జీకి నీళ్ళ కనెక్షన్ ఇచ్చిందెవరు? కరెంటు ఇచ్చిందెవరు? కౌన్సిల్ అప్పుడు కాదని ఉంటే ఇప్పుడు దాని మాటకి విలువ ఉండేది.

బ్యాక్‌ప్యాక్_భారతి
అది ఒప్పుకుంటాను. కానీ శిక్ష గుర్రం తోలేవాడికి పడకూడదు. సంఖ్య ఎంత ఉండాలో ఐఐటీ మద్రాసు, ఐఐఎం బెంగళూరు అధ్యయనం మొదలుపెట్టాయి కదా. అది తేలేదాకా ఈ 6,000, 8,000 తాత్కాలికమే. తేలాక నీళ్ళు, పార్కింగ్, చెత్త మూడింటి లెక్కా జనం ముందు పెట్టి మాట్లాడాలి. మామూలు రోజుల్లో వచ్చేవాళ్ళకి బొటానికల్ గార్డెన్ టికెట్టో, బోటు టికెట్టో తగ్గిస్తే శనివారం రద్దీ బుధవారానికి మళ్ళుతుంది. అది ఊళ్ళోవాళ్ళు చేయగలిగిన పని, వ్యాపారీ నష్టపోడు.

మంచినీళ్ళు
ఈ మాటకి నా ఓటు కూడా. మంగళ, బుధ, గురువారాలు ఖాళీగా పోతున్న నీళ్ళు ఏమీ లేవు గానీ, ట్యాంకర్ల రేటు మాత్రం ఆ రోజుల్లో తక్కువగా ఉంటుంది. వారమంతా సర్దుకుంటే సరఫరా తట్టుకుంటుంది.

పలమనేరు_బస్సు
బండే వద్దనుకునేవాళ్ళకి: మేట్టుపాళయం దాకా రైల్లో వచ్చి అక్కడ నుంచి ప్రభుత్వ బస్సు ఎక్కితే పాస్ అక్కర్లేదు. కొండ రైలు పొద్దున 7.10కి. 46 కిలోమీటర్లు, కల్లార్ నుంచి కూనూరు దాకా దంతాలున్న ప్రత్యేక పట్టాని పట్టుకుని ఎక్కుతుంది, దాదాపు ఐదు గంటలు పడుతుంది. టికెట్టు చాలా ముందే అయిపోతుంది, ఆ ఆశ మీద పెట్టుకోవద్దు. బస్సులైతే ఎప్పుడూ ఉంటాయి.

అనంత_పయనం
సరే, మావాళ్ళతో మాట్లాడాను. శనివారం ఎక్కాలన్నది మార్చుకున్నాం. సోమవారం రాత్రి మైసూరులో, మంగళవారం పొద్దున బందీపూర్ గేటు, గూడలూరు మీదుగా ఊటీ. గురువారం కోటగిరి మీదుగా దిగి పళని, శుక్రవారం కొడై. పుష్ప ప్రదర్శన మే మధ్యలో కాబట్టి ఆ వారం తప్పిస్తున్నాం. రెండు క్యాన్లు, 14 స్టీలు సీసాలు. ఆదివారం సాయంత్రం కొడై దిగుతాం.

చెక్‌పోస్ట్_చంద్రం
అంతా బాగుంది, ఆదివారం సాయంత్రం ఒక్కటి మార్చండి. వచ్చినవాళ్ళందరూ అప్పుడే దిగుతారు, సిల్వర్ క్యాస్కేడ్ దగ్గర నుంచి బత్లగుండు దాకా బంపరు బంపరు ఆనుకుని కదులుతుంది, మీ బ్రేకులకి అది ఇంకా చేటు. సోమవారం పొద్దున 6కి దిగండి. పాస్‌లో దిగే తేదీ కూడా సోమవారమే వేయండి.

స్టెప్నీ
ఇంకొకటి. 14 మందికీ సామాను పైన క్యారియర్‌కి ఎక్కించకండి. పైన బరువు పెరిగితే వంపుల్లో బండి ఒరుగుతుంది. క్యాన్లు రెండూ వెనక ఇరుసు ముందు, నేల మీద, తాడుతో.